ఇంగ్లండులో కమర్షియల్ ప్రాపర్టీ సొలిసిటర్ కావడం ఎలా: పరీక్షల దారి, అసలు పని

దుకాణాలు, కార్యాలయాలు, గిడ్డంగులు, హోటళ్లు, కర్మాగారాలు వంటి వ్యాపార స్థిరాస్తుల కొనుగోలు, అమ్మకం, లీజు, తనఖా వ్యవహారాలను మొదటి ఉత్తరం నుంచి చివరి రిజిస్ట్రేషన్ దాకా నడిపే న్యాయవాదిని ఇంగ్లండు, వేల్స్‌లలో కమర్షియల్ ప్రాపర్టీ సొలిసిటర్ అంటారు. కోర్టులో వాదించడం ఆయన ప్రధాన వృత్తి కాదు. వివాదం కోర్టు దాకా వెళ్లకుండా పత్రం రాయడం, రాసిన పత్రం ప్రకారం క్లయింటు ఏ తేదీలోగా ఏం చేయాలో చెప్పడం ఆయన పని. హైదరాబాదులోనో, విశాఖపట్నంలోనో ఎల్.ఎల్.బి. పూర్తిచేసి ఈ రంగంలోకి వెళ్లాలనుకునే వారిని దృష్టిలో పెట్టుకుని ఈ మార్గదర్శిని రాస్తున్నాను. కోచింగ్ ప్రకటనలు చూస్తే పరీక్షలే పెద్ద అడ్డంకి అనిపిస్తుంది. పరీక్షలు కష్టమైనవే, కానీ అవి కొన్ని నెలల్లో తేలిపోయే సంగతి. లీజులోని ప్రతి వాక్యాన్ని ఒక చేత్తో క్లయింటు వ్యాపారాన్నీ మరో చేత్తో క్యాలెండరునూ పట్టుకుని చదవడం అనే అలవాటు మాత్రం ఏళ్ల తరబడి పెంచుకోవలసినది, మంచి ప్రాపర్టీ సొలిసిటర్‌ను మామూలు సొలిసిటర్ నుంచి వేరుచేసేది అదే. అందువల్ల అర్హతల సంగతి త్వరగా ముగించి, పని సంగతి మీద ఎక్కువసేపు నిలుస్తాను.

అర్హత పొందే దారి

2021 సెప్టెంబరు 1 నుంచి సొలిసిటర్ కావడానికి ప్రధాన మార్గం సొలిసిటర్స్ క్వాలిఫైయింగ్ ఎగ్జామినేషన్, అంటే ఎస్.క్యూ.ఇ. దీన్ని నియంత్రించేది సొలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీ, నిర్వహించేది కాప్లాన్ సంస్థ. అభ్యర్థికి నాలుగు అర్హతలు ఉండాలి: ఏ విషయంలోనైనా డిగ్రీ లేదా దానికి సమానమైన విద్య, పరీక్షలోని రెండు దశల్లోనూ ఉత్తీర్ణత, రెండేళ్ల పూర్తికాల పని అనుభవం, నడవడిక పరిశీలనలో ఆమోదం.

మొదటి దశలో రెండు పేపర్లు, ఒక్కొక్కదానిలో 180 బహుళైచ్ఛిక ప్రశ్నలు ఉంటాయి. భూమి చట్టం, ప్రాపర్టీ ప్రాక్టీసు, ట్రస్టులు, సొలిసిటర్ల ఖాతాల నియమాలు రెండో పేపర్లోనే వస్తాయి కనుక ఈ రంగంలోకి రావాలనుకునేవారికి అది ప్రాణాధారం. రెండో దశలో 12 రాతపూర్వక, 4 మౌఖిక అంశాలుంటాయి. మౌఖికాల్లో క్లయింటును ఇంటర్వ్యూ చేసే ఘట్టం ఒకటి ప్రాపర్టీ విషయంలోనే ఉంటుంది. ఆరేళ్ల వ్యవధిలో ఒక్కో పరీక్షకు మూడు అవకాశాలు మాత్రమే ఇస్తారు. 2021 నవంబరులో జరిగిన తొలి పరీక్షలో మొదటి దశ దాటినవారు 53 శాతం. కాబట్టి మన దగ్గర సెమిస్టరు పరీక్షలకు చదివినట్లు చివరి నెలలో చదివితే సరిపోదు. ఫీజు ఏటా మారుతుంది. రెండు దశలకూ కలిపి దాదాపు 5,000 పౌండ్లు చేతిలో ఉంచుకుని ప్రణాళిక వేసుకోవడం మేలు, శిక్షణ ఖర్చు దానికి అదనం.

రెండేళ్ల అనుభవాన్ని నాలుగు సంస్థలకు మించకుండా పొందవచ్చు. అది ఇంగ్లండులోనే జరగాలన్న నియమం లేదు. చేసిన పని న్యాయసేవ అయి ఉండాలి, సొలిసిటర్‌కు ఉండవలసిన సామర్థ్యాలలో కనీసం రెండింటిని పెంచుకునే అవకాశం అందులో ఉండాలి, ఆ సంగతిని ఇంగ్లండు, వేల్స్‌లలో అర్హత పొందిన సొలిసిటర్ ధ్రువీకరించాలి. మన దేశంలోని లీగల్ అవుట్‌సోర్సింగ్ సంస్థల్లో బ్రిటిష్ లీజుల సారాంశాలు తయారుచేసేవారు ఈ నియమాన్ని శ్రద్ధగా చదువుకోవాలి. ధ్రువీకరించే సొలిసిటర్ ఎవరన్నది చేరకముందే తేల్చుకోకపోతే చేసిన పని లెక్కలోకి రాకపోవచ్చు. ఇప్పటికే బార్ కౌన్సిల్‌లో నమోదై అడ్వకేటుగా ఉన్నవారికి ఈ అనుభవ నిబంధన వర్తించదు. వారు పరీక్షలో కొంత భాగం నుంచి మినహాయింపు కోరుతూ దరఖాస్తు కూడా చేసుకోవచ్చు. అయితే పరీక్ష గట్టెక్కినంత మాత్రాన ఇంగ్లండులో ఉద్యోగం చేసే హక్కు రాదు. స్పాన్సర్ చేసే సంస్థ, వీసా అనేవి వేరే లెక్క, వాటిని ముందే వేసుకోవాలి.

మన చట్టం తెలిసినవారికి కలిసివచ్చేది, కాలికి అడ్డుపడేది

1882 నాటి ఆస్తి బదిలీ చట్టాన్నీ, అదే ఏడాది వచ్చిన ఈజ్‌మెంట్ల చట్టాన్నీ చదివినవారికి లీజు, లైసెన్సు (స్థలాన్ని వాడుకోవడానికి ఇచ్చే అనుమతి మాత్రమే), ఈజ్‌మెంటు (ఇతరుల భూమి మీదుగా నడవడం వంటి హక్కు), తనఖా వంటి భావనలు కొత్త కావు. లీజుకూ లైసెన్సుకూ తేడా ఏమిటన్న ప్రశ్నకు మన విద్యార్థులు 1959లో మన సుప్రీంకోర్టు అసోసియేటెడ్ హోటల్స్ కేసులో ఇచ్చిన తీర్పును ఉదహరిస్తారు. ఇంగ్లండులో అదే ప్రశ్నకు 1985 నాటి స్ట్రీట్ వర్సెస్ మౌంట్‌ఫర్డ్ తీర్పు సమాధానం: ఒక స్థలాన్ని ఇతరులెవరికీ ప్రవేశం లేకుండా, నిర్ణీత కాలానికి, అద్దెకు అనుభవించే హక్కు ఇస్తే, పత్రం మీద లైసెన్సు అని రాసినా అది లీజే అవుతుంది. అయిదు ముళ్లున్న పనిముట్టును చేసినవాడు పార అని పట్టుబట్టినంత మాత్రాన అది ముళ్ల పార కాకుండా పోదని ఆ తీర్పులో లార్డ్ టెంపుల్‌మన్ అన్నారు. మీ ఫైలులోని పత్రం పేరు చూసి మోసపోవద్దన్నదే అందులోని ఆచరణ సూత్రం.

కాలికి అడ్డుపడేది హక్కుల నమోదు పద్ధతి. మన దగ్గర సబ్‌రిజిస్ట్రార్ నమోదు చేసేది దస్తావేజును. హక్కు నిజంగా ఎవరిదో తేల్చే బాధ్యత కొనేవాడిదే. అందుకే ఈసీ తీయడం, ముప్పై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు వరుసగా పేర్చడం, లీగల్ ఒపీనియన్ రాయించడం మనకు అలవాటు. ఇంగ్లండులో 2002 నాటి ల్యాండ్ రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం నమోదయ్యేది హక్కే. హెచ్.ఎం. ల్యాండ్ రిజిస్ట్రీలో ఒక్కో ఆస్తికి ఒక టైటిల్ నంబరు, దానికింద మూడు భాగాల రిజిస్టరు ఉంటుంది: మొదటిది ఆస్తి వివరణ, రెండోది యజమాని ఎవరు, ఏ తరగతి హక్కుతో ఉన్నారు అనేది, మూడోది ఆ ఆస్తి మీదున్న తనఖాలు, ఇతర భారాలు. పాత దస్తావేజుల కట్ట విప్పవలసిన అవసరం చాలా సందర్భాల్లో ఉండదు. కానీ రిజిస్టరులో కనబడని హక్కులు కొన్ని అక్కడా కొనేవారిని కట్టిపడేస్తాయి. ఏడేళ్లు మించని లీజులు, వాస్తవంగా ఆ స్థలంలో ఉంటున్నవారి హక్కులు అలాంటివి. అందుకే స్థలానికి వెళ్లి చూడమనీ, ఎవరెవరు ఉంటున్నారో అడగమనీ క్లయింటుకు తప్పక రాయాలి. స్థలం చూడనిదే అడ్వాన్సు ఇవ్వవద్దని మన పెద్దలు చెప్పే మాట అక్కడా చెల్లుతుంది.

పుస్తకంతో మాత్రమే ఇది తలకెక్కదు. మీకు తెలిసిన ఏదైనా లండన్ భవనం రిజిస్టరును ల్యాండ్ రిజిస్ట్రీ వెబ్‌సైటులో 7 పౌండ్లు చెల్లించి ఎవరైనా దించుకోవచ్చు; ప్లానుకు వేరే రుసుము ఉంటుంది. ఎరుపు గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో, వెనక సందు మీద నడిచే హక్కు ఉందో లేదో, మూడో భాగంలో స్థలాన్ని ఫలానా విధంగా వాడకూడదనే 1930ల నాటి నిషేధ ఒడంబడిక ఏదైనా దాగి ఉందో ఓపికగా చదవండి. మోడల్ కమర్షియల్ లీజు అనే నమూనా కూడా ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని ఒక వారం చదివిన అభ్యర్థికీ, చదవని అభ్యర్థికీ ఇంటర్వ్యూలో ఉండే తేడా మొదటి అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఒక ఫైలును నడపడం

ఉదాహరణకు తూర్పు లండన్‌లోని ఈస్ట్ హామ్‌లో ఒక తెలుగు కుటుంబం టిఫిన్ల హోటల్ పెట్టుకోవడానికి పదేళ్ల లీజు తీసుకుంటోందనుకుందాం. ఏటా అద్దె 40,000 పౌండ్లు. ఏజెంట్లు తయారుచేసిన హెడ్స్ ఆఫ్ టర్మ్స్, అంటే ప్రధాన షరతుల కాగితం, సొలిసిటర్ బల్ల మీదికి వస్తుంది.

ఇక్కడ చాలామంది జూనియర్లు నేరుగా లీజు ముసాయిదాలోకి దూకుతారు. అంతకన్నా ముందు క్లయింటును కూర్చోబెట్టి, ఆ గదిలో రోజూ ఏం జరుగుతుందో అడగాలి. పొద్దున్నే దోసెల పెనం వెలిగిస్తే పొగ ఎటు పోతుంది? గొట్టం వెనక గోడ మీదుగా పైకి వెళ్లాలంటే ఆ బయటి గోడ లీజులో ఉందా, లేక యజమాని తన దగ్గరే ఉంచుకున్నాడా? ఉంచుకుని ఉంటే గొట్టం బిగించడానికి లీజులో ప్రత్యేక హక్కు రాయించుకోవాలి, దానికి స్థానిక కౌన్సిల్ నుంచి ప్లానింగ్ అనుమతి అవసరమవుతుందేమో చూడాలి. జనం అక్కడే కూర్చుని తింటారా, ఎక్కువగా పార్సిళ్లేనా? 2020 సెప్టెంబరు 1 నుంచి ఇంగ్లండులో దుకాణాలు, కార్యాలయాలు, కూర్చుని తినే హోటళ్లు క్లాస్ ఇ అనే ఒకే వర్గంలోకి వచ్చాయి. వేడి పార్సిల్ సెంటర్లు మాత్రం ఆ వర్గంలోకి రావు, వాటికి విడిగా అనుమతి ఉండాలి. హోటల్ వ్యాపారంలో ఈ గీత ఎక్కడ పడుతుందో తెలియకుండా సంతకం చేయించిన సొలిసిటర్, లీజు ఎంత అందంగా రాసినా, క్లయింటుకు ఉపయోగపడని లీజు రాసినట్లే.

ఆ తర్వాత వరుసగా టైటిల్ పరిశీలన, స్థానిక సంస్థల నుంచి తెప్పించే సెర్చ్‌లు (రికార్డుల తనిఖీలు), నీటి సరఫరా, మురుగు కాలువల సెర్చ్, పర్యావరణ నివేదిక వస్తాయి. యజమానికి పంపే ప్రశ్నలకు సి.పి.ఎస్.ఇ. అనే ప్రామాణిక పత్రం ఉంది. దాన్ని యాంత్రికంగా పంపి, వచ్చిన జవాబులను ఫైలులో కుట్టేయడం ఈ వృత్తిలో బాగా పాతుకుపోయిన బద్ధకం. జవాబుల్లో "కొనేవారే పరిశీలించుకోవాలి" అన్న చోటల్లా ఏదో ఒకటి మిగిలి ఉందని గుర్తు. ఇంధన సామర్థ్య ధ్రువపత్రం ఇ గ్రేడుకు తక్కువగా ఉంటే, మినహాయింపు నమోదై ఉంటే తప్ప, 2018 ఏప్రిల్ 1 నుంచి కొత్త వాణిజ్య లీజు ఇవ్వకూడదు. 2023 ఏప్రిల్ 1 నుంచి నడుస్తున్న లీజులకూ ఆ నియమం వర్తిస్తోంది. భవనంలో ఆస్‌బెస్టాస్ ఉందేమో, దాని రికార్డు ఎవరి దగ్గరుందో కూడా అడగాలి.

పన్ను లెక్క దగ్గర జాగ్రత్త అవసరం. లీజు మీద స్టాంప్ డ్యూటీ ల్యాండ్ టాక్స్‌ను మొత్తం అద్దెల నికర వర్తమాన విలువ, అంటే రాబోయే అద్దెలకు నేటి విలువ, మీద లెక్కిస్తారు. ఏటా 40,000 చొప్పున పదేళ్లకు, 3.5 శాతం డిస్కౌంటుతో ఆ విలువ దాదాపు 3,32,664 పౌండ్లు. మొదటి 1,50,000 మీద పన్ను లేదు, మిగిలిన దాని మీద 1 శాతం, అంటే 1,826 పౌండ్లు. అయితే యజమాని వ్యాట్ వసూలు చేసే ఎంపిక చేసుకుని ఉంటే అద్దె మీద 20 శాతం వ్యాట్ పడుతుంది, స్టాంప్ డ్యూటీని కూడా ఆ వ్యాట్ కలిపిన మొత్తం మీదే లెక్కించాలి. అప్పుడు ఏడాది అద్దె 48,000, వర్తమాన విలువ దాదాపు 3,99,197, పన్ను 2,491 పౌండ్లు అవుతుంది. వ్యాట్ ఎంపిక జరిగిందో లేదో మొదటి వారంలో అడగాలి, ఆఖరి వారంలో కాదు. కొత్తగా హోటల్ పెట్టే కుటుంబానికి ఒక త్రైమాసికపు అద్దె మీద వ్యాట్ కూడా చిన్న మొత్తం కాదు.

లీజు పూర్తయిన నాటి నుంచి 14 రోజుల్లో పన్ను రిటర్నూ సొమ్మూ చేరాలి. వేల్స్‌లో పన్ను వేరు, గడువు 30 రోజులు. ఏడేళ్లు మించిన లీజు కాబట్టి ల్యాండ్ రిజిస్ట్రీలో నమోదు తప్పనిసరి. లీజు పూర్తిచేసే ముందు చేసే అధికారిక సెర్చ్ 30 పనిదినాల రక్షణ ఇస్తుంది. ఆ లోపల నమోదు దరఖాస్తు పడకపోతే మధ్యలో ఇంకెవరి తనఖా అయినా ముందుకు రావచ్చు. క్లయింటు కంపెనీ బ్యాంకు రుణం తీసుకుని ఆ లీజును తనఖా పెడితే, కంపెనీల రిజిస్ట్రీ అయిన కంపెనీస్ హౌస్‌లో 21 రోజుల్లో నమోదు చేయాలి. ఈ మూడు గడువుల్లో ఏ ఒక్కటీ క్లయింటు గుర్తుచేసేది కాదు. అందుకని ఫైలు తెరిచిన రోజే వాటిని డైరీలో రాసుకోవడం మంచి కార్యాలయాల్లో ఆచారం.

లీజును చదివే పద్ధతి

మరమ్మతుల నిబంధన చిన్న వాక్యంలా కనబడుతుంది. ఆస్తిని "మంచి స్థితిలో ఉంచాలి" అని రాస్తే, ఇప్పుడు మంచి స్థితిలో లేనిదాన్ని ముందు మంచి స్థితికి తీసుకురావాలన్న బాధ్యత కూడా అందులో ఉందని 1890 నాటి ప్రౌడ్‌ఫుట్ వర్సెస్ హార్ట్ తీర్పు నుంచి స్థిరపడింది. కారుతున్న కప్పు కింద హోటల్ పెట్టుకున్న కుటుంబం పదేళ్ల తర్వాత యజమానికి కొత్త కప్పు కట్టి ఇవ్వవలసి వస్తుంది. దీనికి విరుగుడు షెడ్యూల్ ఆఫ్ కండిషన్: సర్వేయరు చేత ఫొటోలతో సహా నేటి పరిస్థితిని రాయించి లీజుకు జతచేసి, అంతకన్నా మెరుగైన స్థితిలో అప్పగించనక్కరలేదని నిబంధనలో స్పష్టంగా చేర్చాలి. ఫొటోలు జతచేసి నిబంధన మార్చడం మరిచిపోతే ఆ ఫొటోలు అలంకారమే.

అద్దె సవరణ నిబంధనలో ఊహాలోకం ఒకటి ఉంటుంది. సవరణ తేదీన, ఎవరో ఒక ఊహాజనిత యజమాని ఒక ఊహాజనిత అద్దెదారుకు ఇదే స్థలాన్ని కొత్తగా ఇస్తే ఎంత పలుకుతుందని లెక్కిస్తారు. ఆ లెక్కలో ఏది ఉన్నట్టు, ఏది లేనట్టు అనుకోవాలో రాసే పంక్తులే డబ్బు పంక్తులు. అద్దెదారు సొంత ఖర్చుతో చేసిన మెరుగుదలలను వదిలేయాలని రాయకపోతే ఏమవుతుందో 1978లో అప్పటి అత్యున్నత న్యాయస్థానం హౌస్ ఆఫ్ లార్డ్స్ పాన్స్‌ఫర్డ్ కేసులో చూపింది: కాలిపోయిన ఫ్యాక్టరీని తిరిగి కట్టేటప్పుడు అద్దెదారు తన డబ్బు పెట్టి చేయించిన మెరుగుదలలకు తానే పెరిగిన అద్దె కట్టవలసి వచ్చింది. మన హోటల్ కుటుంబం వంటగదికి పెట్టిన పెట్టుబడి గతి కూడా అంతే అవుతుంది. అద్దె పెరగడమే తప్ప తగ్గకుండా రాసే నిబంధనలు ఇంగ్లండులో దశాబ్దాలుగా సర్వసాధారణం. కొత్త వాణిజ్య లీజుల్లో వాటిని నిషేధించే ప్రతిపాదనను బ్రిటన్ ప్రభుత్వం 2025 జూలైలో పార్లమెంటులో పెట్టిన బిల్లులో చేర్చింది కనుక, అద్దె సవరణ నిబంధన రాసే ప్రతిసారీ చట్టం ఆనాటికి ఏ స్థితిలో ఉందో చూసుకోవాలి.

లీజును మరొకరికి బదిలీ చేసే నిబంధన గురించి క్లయింట్లు దాదాపుగా అడగరు, కానీ వ్యాపారం అమ్ముకోవాలనుకున్న రోజున అదే అన్నిటికన్నా పెద్ద నిబంధన. 1996 జనవరి 1 తర్వాతి లీజుల్లో బదిలీ చేసిన అద్దెదారుకు బాధ్యత తొలగుతుంది, కానీ తన తర్వాత వచ్చినవారికి హామీ ఉండమని యజమాని అడగవచ్చు. అంతకుముందటి లీజుల్లో మొదటి అద్దెదారు గడువు చివరిదాకా బాధ్యుడే. పాత లీజు చేతికి వస్తే ముందు తేదీ చూడండి.

ఇక లీజును మధ్యలో ముగించే బ్రేక్ నిబంధన. ఈ వృత్తిలో చిన్న పొరపాటుకు అత్యంత పెద్ద మూల్యం చెల్లించే చోటు ఇదే. 1997 నాటి మన్నై కేసులో లీజును ముగించవలసిన తేదీ జనవరి 13 కాగా, నోటీసులో జనవరి 12 అని పడింది. అర్థం స్పష్టంగానే ఉందని హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ నోటీసును నిలబెట్టింది, కానీ అయిదుగురిలో ముగ్గురి మెజారిటీతో మాత్రమే. అదే తీర్పులో లార్డ్ హాఫ్‌మన్ ఒక హెచ్చరిక చేశారు: నోటీసు నీలం కాగితం మీద ఉండాలని నిబంధన చెబితే గులాబీ కాగితం మీద ఇచ్చి లాభం లేదు. 2014లో అప్పీలు కోర్టు ముందుకు సరిగ్గా అలాంటి గులాబీ కాగితమే వచ్చింది. నోటీసును వ్యాపార అద్దెదారులకు రక్షణనిచ్చే 1954 చట్టంలోని (దాని సంగతి కింద చెబుతాను) ఫలానా సెక్షన్ కింద ఇస్తున్నట్లు అందులో చెప్పాలని లీజు కోరింది. సీమెన్స్ హియరింగ్ కంపెనీ ఇచ్చిన నోటీసులో ఆ మాట లేదు. నోటీసు చెల్లదని కోర్టు తేల్చింది. ఆ మాట వల్ల ఎవరికీ ప్రయోజనం లేకపోయినా ఫలితం మారలేదు.

డబ్బు వైపు నుంచి మరో ఉచ్చు ఉంది. ఇంగ్లండులో వాణిజ్య అద్దెను సంప్రదాయంగా మార్చి 25, జూన్ 24, సెప్టెంబరు 29, డిసెంబరు 25 తేదీల్లో, రాబోయే మూడు నెలల అద్దె చొప్పున, ముందుగానే కడతారు. మార్క్స్ అండ్ స్పెన్సర్ తన లీజును 2012 జనవరి 24న ముగించుకుంది. బకాయి ఉంటే ముగింపు చెల్లదు కనుక అంతకుముందు డిసెంబరు 25న చెల్లించవలసిన మొత్తం త్రైమాసికపు అద్దె కట్టింది. ఖాళీ చేసిన తర్వాతి రెండు నెలల సొమ్ము తిరిగి ఇవ్వాలని లీజులో రాసి లేదు. రాయని మాటను తాము చేర్చలేమని 2015లో బ్రిటన్ సుప్రీంకోర్టు చెప్పింది. అద్దెదారు తరఫున మీరు రాసే ప్రతి బ్రేక్ నిబంధనలో మిగులు అద్దె వాపసుకు ఒక పంక్తి చేర్చండి, బ్రేక్ తేదీని వీలైతే త్రైమాసికం చివరి రోజుకు జరపండి, షరతులను వీలైనంత తగ్గించండి. ప్రధాన అద్దె కట్టి ఉండటం, స్థలం ఖాళీ చేయడం, ఇతరులకిచ్చిన లీజులు మిగలకుండా చూడటం మించి షరతులు పెట్టకూడదని సర్వేయర్ల వృత్తి సంస్థ ఆర్.ఐ.సి.ఎస్. 2020లో ప్రకటించిన లీజుల నియమావళి కూడా చెబుతుంది; చర్చల్లో దాన్ని ముందు పెట్టుకోవచ్చు.

1954 చట్టం

ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం 1954 రెండో భాగం తెలియకుండా ఈ రంగంలో ఒక్క రోజు గడవదు. లీజు గడువు తీరినా, అక్కడ వ్యాపారం చేసుకుంటున్న అద్దెదారు కొనసాగవచ్చు, కొత్త లీజు కోరవచ్చు. సెక్షన్ 30లోని ఏడు కారణాలలో ఏదో ఒకటి రుజువైతేనే యజమాని కాదనగలడు. కూలగొట్టి కట్టుకుంటానన్నది అందులో ఒక కారణం. 2018లో ఫ్రాన్సెస్ కేసులో సుప్రీంకోర్టు, అద్దెదారును పంపించడానికి మాత్రమే తలపెట్టిన పనులు ఆ కారణం కిందికి రావని తీర్పు చెప్పింది. యజమాని ముగింపు నోటీసు ఆరు నెలలకు తగ్గకుండా, పన్నెండు నెలలు మించకుండా ఉండాలి. అందులోని తేదీలోగా కోర్టులో దరఖాస్తు పడకపోతే, లేదా గడువు పొడిగించుకుంటూ రాతపూర్వక ఒప్పందం జరగకపోతే, అద్దెదారు హక్కు పోతుంది.

ఇరుపక్షాలూ ఒప్పుకుని ఈ రక్షణను మొదటే వదులుకునే పద్ధతి కూడా ఉంది, ఆచరణలో చాలా లీజులు అలాగే జరుగుతాయి. అద్దెదారు లీజుకు కట్టుబడకముందే యజమాని నిర్ణీత రూపంలో హెచ్చరిక నోటీసు ఇవ్వాలి. 14 రోజుల వ్యవధి ఉంటే మామూలు ప్రకటన మీద సంతకం చాలు. లేకపోతే ప్రమాణం చేయించే అధికారమున్న స్వతంత్ర సొలిసిటర్ ఎదుట ప్రమాణ పత్రం ఇవ్వాలి. ఆ తర్వాత లీజులోనూ ఆ ప్రస్తావన ఉండాలి. ఈ మూడింటిలో ఏ అంచె తప్పినా వదులుకోవడం చెల్లదు, అద్దెదారుకు పూర్తి రక్షణ దక్కుతుంది. మన హోటల్ కుటుంబం తరఫున ఉన్న సొలిసిటర్ అయితే, నోటీసు పంపమని యజమాని సొలిసిటర్‌కు గుర్తుచేయవలసిన పని లేదు; కానీ వంటగదికీ సీటింగుకూ పెట్టుబడి పెట్టే క్లయింటు ఆ రక్షణ వదులుకుంటే పదేళ్ల తర్వాత ఏం జరుగుతుందో మాత్రం తేలిక మాటల్లో, రాతపూర్వకంగా చెప్పాలి.

డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న

అక్రమ ధన చలామణిని అరికట్టే 2017 నిబంధనల ప్రకారం క్లయింటు ఎవరో, సొమ్ము ఎక్కడి నుంచి వచ్చిందో సొలిసిటర్ పరిశీలించాలి. కుటుంబం గుంటూరులో పొలం అమ్మి పంపిన డబ్బయితే సేల్ డీడ్, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పన్ను కట్టిన ఆధారం, రిజర్వ్ బ్యాంకు సరళీకృత విదేశీ చెల్లింపుల పథకం కింద పంపిన రసీదులు అడగాలి. ఆ పథకంలో మన దేశ నివాసి ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల వరకే పంపగలరు. నలుగురు బంధువుల ఖాతాల నుంచి వచ్చిన సొమ్ము మన ఇళ్లలో మామూలే అయినా, ఫైలులో దానికి నలుగురి వివరాలూ కావాలి. తెలుగు చదవగలిగిన సొలిసిటర్‌కు ఇక్కడ నిజమైన ప్రయోజనం ఉంది, అలాగే మొహమాటపు ప్రమాదమూ ఉంది. తెలిసినవారని పరిశీలన సడలించకూడదు. భారతీయ కంపెనీ తన పేరుమీదే ఆస్తి కొంటే, 2022 ఆగస్టు 1న మొదలైన విదేశీ సంస్థల రిజిస్టరులో ముందుగా నమోదై ఐ.డి. పొందాలి, లేకపోతే ల్యాండ్ రిజిస్ట్రీ దాన్ని యజమానిగా నమోదు చేయదు.

సొలిసిటర్ ఇచ్చే అండర్‌టేకింగ్, అంటే వృత్తిపరమైన వాగ్దానం, విడిగా చెప్పవలసిన సంగతి. అమ్మేవారి సొలిసిటర్ పాత తనఖాను తీర్చి విడుదల చేయిస్తానని మాట ఇస్తే ఆ మాట మీదే కొనేవారు సొమ్ము పంపుతారు. నెరవేర్చకపోతే క్రమశిక్షణ చర్య ఉంటుంది. మీ చేతిలో లేని పనికి, ముఖ్యంగా మరొకరు చేయవలసిన పనికి, ఎంత ఒత్తిడి వచ్చినా వాగ్దానం ఇవ్వకండి.

ఉద్యోగంలో చేరిన తర్వాత

పెద్ద సంస్థల్లో శిక్షణ రెండేళ్లు, ఆరేసి నెలల చొప్పున వేర్వేరు విభాగాల్లో సాగుతుంది. ప్రాపర్టీ విభాగంలోకి వచ్చినప్పుడు వందల కోట్ల కొనుగోలులో పదో మనిషిగా ఉండటం కన్నా, మార్పులకు అనుమతి పత్రం, బదిలీకి అనుమతి పత్రం, చిన్న దుకాణపు లీజు వంటి సొంత ఫైళ్లు అడిగి తీసుకోండి. వాటిలో క్లయింటుతో మాట్లాడేది మీరే, అవతలి సొలిసిటర్‌తో బేరమాడేది మీరే. ఇతర విభాగాల్లో ఆ అవకాశం రావడానికి ఏళ్లు పడుతుంది. ఆరు నిమిషాలను ఒక యూనిట్‌గా సమయాన్ని నమోదుచేసే పద్ధతికి మొదట్లో విసుగు కలుగుతుంది, అయినా ఏ పనికి ఎంతసేపు పడుతుందో తెలిసేది దానివల్లే.

అర్హత వచ్చాక దారులు విడిపోతాయి: అద్దెదారు, యజమాని వ్యవహారాలు, భూమి కొని కట్టే డెవలప్‌మెంట్, పెన్షన్ ఫండ్ల పెట్టుబడులు, బ్యాంకు రుణాలు, ప్రాపర్టీ వివాదాలు. మార్కెట్ పడినప్పుడు డెవలప్‌మెంట్, పెట్టుబడుల పని ముందుగా ఆగిపోతుంది. లీజుల పని, వివాదాల పని ఆగవు. అందుకే మొదటి మూడు నాలుగేళ్లు లీజుల మీదే గట్టిపడమని నా సలహా, ఆ తర్వాత ఎటు మళ్లినా ఆ పునాది పనికివస్తుంది. సూపర్‌మార్కెట్ గొలుసులు, స్థానిక కౌన్సిళ్లు, రైల్వే సంస్థల్లో అంతర్గత న్యాయవాదిగా చేరితే ఒకే క్లయింటు ఆస్తులను ఏళ్లపాటు చూసే వీలుంటుంది.

ప్రాక్టీసింగ్ సర్టిఫికెట్‌ను ప్రతి ఏటా అక్టోబరు నెలాఖరులోగా పునరుద్ధరించుకోవాలి. మన బార్ కౌన్సిల్‌లో నమోదు ఉన్నవారు విదేశంలో పూర్తికాల జీతపు ఉద్యోగంలో చేరేముందు ఆ సంగతి తమ రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు తెలియజేసి, ఇక్కడి ప్రాక్టీసును నిలిపివేసుకోవాలి. తిరిగి వచ్చినప్పుడు దాన్ని కొనసాగించడానికి ఏమేం కావాలో వెళ్లేముందే రాతపూర్వకంగా అడిగి ఉంచుకోవాలి.